దాహం పుచ్చుకుంటారా?

మా పుట్టింటి ఊరు కోనసీమలో, అంబాజీపేటకు నాలుగైదు కిలోమీటర్ల దూరాన, పంట కాలువ గట్టును ఆనుకుని ఉంటుంది. ఈ వేసవి సెలవుల్లో ఆ ఊళ్ళోని ఎండుకొబ్బరి కొట్టు ముందున్న కాటా మీద మా పన్నెండేళ్ళ అబ్బాయి రోజుకు రెండుసార్లు ఎక్కి దిగడం అక్కడివారందరికీ వినోదమైపోయింది. పొద్దున్న ఆరు గంటలకు ఒకసారి, దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు పూర్తయి మోళ్ళు మాత్రమే మిగిలిన మా చేలో గంటన్నరసేపు గోల్ఫ్ బంతులు కొట్టి వచ్చాక మరొకసారి వాడు తూకం చూసుకుని, రెండు అంకెలనూ చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. "ఏం బాబూ, ఇవాళ తరుగెంత?" అని కొట్టు గుమాస్తా అడిగేవాడు. ఎండేకొద్దీ బరువు తగ్గే సరుకు విషయంలో వ్యాపారులు వాడే ఆ మాట మా వాడికి ఎంతగా నచ్చిందంటే, చెమట రూపంలో ఒంట్లోంచి పోయిన నీటికి వాడు ఇప్పుడు ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు కూడా "తరుగు" అనే అంటున్నాడు.

ఈ తూకాల వెనుక ఒక కథ ఉంది, అందులో తప్పు నాది.

మేము పద్నాలుగేళ్ళుగా అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నగరం పక్కనున్న చాండ్లర్‌లో ఉంటున్నాము. అది సొనోరన్ ఎడారి. జూన్ నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం అక్కడ మామూలు సంగతి. 2023లో జూన్ 30 నుంచి జులై 30 వరకు వరుసగా 31 రోజులు ఫీనిక్స్‌లో పగటి వేడి 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు 43 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గలేదు. అయినా ఆ ఊరి చుట్టూ పచ్చటి గోల్ఫ్ మైదానాలు ఎన్నో ఉన్నాయి, చలికాలంలోనూ వసంతంలోనూ దేశం నలుమూలల నుంచి ఆట కోసం జనం వస్తారు. మా వాడికి ఎనిమిదో ఏట ఆ ఆట పట్టుకుంది. మా అమ్మ మాత్రం దాన్ని బిళ్ళంగోడు కిందే జమకట్టి, "ఆ కర్రాటకు ఎండలో అంత దూరం నడవడమెందుకురా నాన్నా, మన అరుగు మీద నీడలో ఆడుకోకూడదూ?" అని ఫోనులో అడుగుతూనే ఉంటుంది.

కిందటేడు మే నెలాఖరులో పిల్లల పోటీ ఒకటి జరిగింది. 18 హోల్స్, అంటే బంతిని ఒకదాని తర్వాత ఒకటిగా వేయవలసిన 18 గుంతలు, పూర్తి చేయడానికి నాలుగున్నర గంటలు పట్టింది, పిల్లలు తమ సంచిని చక్రాల బండి మీద తామే తోసుకుంటూ నడవాలి, తల్లిదండ్రులు దూరంగా ఉండాలి. నేను వాడి సంచిలో అరలీటరు సీసాలు రెండు పెట్టి, బాధ్యత తీరిందనుకున్నాను. తొమ్మిదో హోల్ దాటేసరికి ఆ రెండూ అయిపోయాయి. పదకొండో హోల్ దగ్గర తోటి ఆటగాడి తల్లి తన చల్లటి పెట్టె తెరిచి, "నీళ్ళు కావాలా?" అని మా వాణ్ణి అడిగింది. వాడు నవ్వి, "వద్దండీ, థాంక్యూ" అన్నాడు. ఆమె పెట్టె మూసేసింది. పద్నాలుగో హోల్ దగ్గర వాడికి తలనొప్పి మొదలైంది, పదిహేనో హోల్ దగ్గర తేలికగా కొట్టవలసిన బంతి గురి తప్పినందుకు ఎన్నడూ లేనిది ఏడ్చాడు, ఆ తర్వాత కళ్ళు తిరిగి కూర్చుండిపోయాడు. నిర్వాహకులు వాణ్ణి నీడలో పడుకోబెట్టి, మెడ మీదా చంకల్లోనూ ఐసు తువ్వాళ్ళు వేసి, ఉప్పూ చక్కెరా కలిసిన పానీయాన్ని గుక్కగుక్కగా తాగించారు. అరగంటలో తేరుకున్నాడు. అది ఎండ అలసటగానే ఆగింది. మాట తడబడడం, అయోమయం, ఒంటి వేడి 40 డిగ్రీలు దాటడం కనిపించి ఉంటే అది వడదెబ్బ, అప్పుడు నీళ్ళతో కాలయాపన చేయకుండా ఒళ్ళు చల్లబరుస్తూ వెంటనే అంబులెన్సును పిలవవలసిందే, అక్కడైతే 911కు, ఇక్కడైతే 108కి.

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు కారులో అడిగాను, అంత దాహంగా ఉంటే ఆవిడ ఇస్తానన్న నీళ్ళు ఎందుకు వద్దన్నావని. వాడు చాలా మామూలుగా చెప్పాడు: "ఎవరైనా ఏదైనా ఇస్తే వెంటనే తీసుకోకూడదని నువ్వే కదమ్మా చెప్పావు."

నిజమే, చెప్పాను. మా అమ్మ నాకు చెప్పింది, నేను వాడికి చెప్పాను. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు అడక్కూడదు, పెడితే ఒకసారి వద్దనాలి, మళ్ళీ అంటే మొహమాటపడాలి, మూడోసారి అందుకోవాలి. ఈ మర్యాద కోనసీమలో ఎన్నడూ ఎవరి గొంతూ ఎండబెట్టలేదు, ఎందుకంటే ఇక్కడ పెట్టేవాళ్ళకు కూడా తమ పాత్ర తెలుసు. గుమ్మంలోకి అడుగుపెట్టినవాళ్ళు కాళ్ళు కడుక్కునేలోపు చెంబుతో మంచినీళ్ళు వచ్చేస్తాయి. వద్దంటే "అయ్యో, అదేం మాటండీ, ఎండనపడి వచ్చారు" అని గ్లాసు చేతిలో పెట్టేస్తారు. ఆ రోజు మైదానంలో నీళ్ళు ఇవ్వబోయిన ఆవిడ మాత్రం ఒకసారి అడిగి, వద్దన్న మాటను గౌరవించింది. ఆమె దేశపు మర్యాద అది. రెండు మర్యాదల మధ్య మా వాడి గొంతు ఎండింది. పిల్లలకు భాష నేర్పుతున్నాము, పండుగలు నేర్పుతున్నాము అని సంబరపడే నాలాంటివాళ్ళం, ఎదుటివాడి సగం పాత్ర లేనిచోట మన సగం మర్యాదను మాత్రమే వాళ్ళ సంచిలో పెట్టి పంపుతున్నామని నాకు ఆ రోజే తట్టింది.

ఆ తర్వాత మా ఇంట్లో ఈ విషయం మీద చదువు మొదలైంది. ఎండలో ఆడే 9 నుంచి 12 ఏళ్ళ పిల్లలు ఇరవై నిమిషాలకొకసారి 100 నుంచి 250 మిల్లీలీటర్లు తాగాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచిస్తుంది. ఆ లెక్కన నాలుగున్నర గంటలకు 1.3 లీటర్లు కనీసం కావాలి, మూడు లీటర్ల పైన కూడా పట్టవచ్చు. నేను పంపింది ఒక్క లీటరు. దాహం వేసేటప్పటికే ఒంటి బరువులో ఒక శాతమో అంతకంటే కాస్త ఎక్కువో నీరు పోయి ఉంటుంది. రెండు శాతం పోతే, అంటే నలభై కిలోల పిల్లవాడికి 800 గ్రాములు తగ్గితే, ఓపికా ఏకాగ్రతా రెండూ సడలుతాయి. పచ్చిక మీద రెండడుగుల దూరం నుంచి బంతిని గుంతలో వేయవలసిన ఆటలో ఏకాగ్రత సడలితే మిగిలేదేమిటి?

ఎడారి ఎండలో అసలు మోసం వేరే ఉంది. గాలిలో తేమ లేకపోవడం వల్ల చెమట పట్టిన మరుక్షణమే ఆవిరైపోతుంది. చొక్కా పొడిగా ఉంటుంది, చర్మం పొడిగా ఉంటుంది, "నాకు చెమటే పట్టలేదు" అని పిల్లవాడు నిజాయితీగానే అంటాడు. మా వాడి నల్ల టోపీ అంచున తెల్లటి ఉప్పు చార ఒకటి తేలడం మాత్రమే దానికి సాక్ష్యం. మా వారి స్నేహితులు కొందరు ప్రతి వసంతంలోనూ సియాటిల్ నుంచి గోల్ఫ్ యాత్రకు మా ఊరు వస్తారు. విమానం దిగిన మర్నాడే కాఫీ తాగి బయలుదేరి, మధ్యలో బీరు తాగి, సాయంత్రానికి తలలు పట్టుకుని మా సోఫాలో కూలబడతారు. కొత్త ఎండకు ఒళ్ళు అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుందనీ, బీరు నీళ్ళ ఖాతాలోకి రాదనీ నేను ఏటా చెబుతాను, వాళ్ళు ఏటా నవ్వుతారు.

గోదావరి డెల్టాలో ఎండ ఇంకోరకంగా బాధిస్తుంది. రోహిణీ కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు. ఆ సమయానికి ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలను కట్టేసి ఉంటారు, సముద్రం గాలిలో తేమ నిండి ఉంటుంది, చెమట ఆవిరి కాకుండా ఒంటి మీదే నిలిచిపోతుంది. థర్మామీటరు 38 చూపినా ఉక్కపోతకు ప్రాణం పోయినట్టుంటుంది. మా వాడు మొదటి రోజు చేలోంచి వచ్చి చొక్కా పిండితే ధారగా నీళ్ళు కారాయి. వాడు హడలిపోయాడు. తర్వాత అలాగే కాటా ఎక్కబోతే గుమాస్తా ఆపాడు: "చొక్కా తీసేసి ఎక్కండి బాబూ, తడి సరుకు తూకానికి పెట్టకూడదండి. ఆయ్." ఆ మాట ఏ క్రీడా వైద్యుడైనా చెప్పవలసినంత సరైనది. చొక్కాలో ఇంకిన చెమట కూడా ఒంట్లోంచి పోయిందే కదా, దాన్ని కలిపి తూస్తే తరుగు తక్కువగా కనిపిస్తుంది. ఆ రోజు లెక్క ఇలా తేలింది: బరువు 400 గ్రాములు తగ్గింది, మధ్యలో తాగింది అరలీటరు, కాబట్టి గంటన్నరలో పట్టిన చెమట సుమారు 900 మిల్లీలీటర్లు. ఒక కిలో తగ్గితే ఒక లీటరు నీరు పోయినట్టే లెక్క. ఫీనిక్స్‌లో పొడి చొక్కాతో ఇంటికి వచ్చిన రోజుల్లోనూ ఇంత నీరు పోయి ఉండవచ్చని వాడికి ఆ తడి చొక్కా వల్లనే నమ్మకం కుదిరింది.

తాగేది ఏమిటన్నది మా అమ్మ రాజ్యం. ఆమె చెప్పులేసుకుని పెరట్లోకి వెళ్ళి రెండు దబ్బాకులు తుంచి, అరచేతిలో నలిపి, అల్లం ముక్కతోనూ ఉప్పురాళ్ళతోనూ పలచటి మజ్జిగలో వేసి, గిన్నె నుంచి గ్లాసులోకి ఎత్తి పోసినప్పుడు, ఆకు వాసన ముందు వచ్చి మజ్జిగ తర్వాత వస్తుంది. తన చిన్నతనంలో పొద్దున్నే తరవాణి తాగి పొలానికి వెళ్ళేవారని, గంజి పులిసిన ఆ కుండను ఇంట్లో ఎవరూ అశ్రద్ధ చేసేవారు కాదని ఆమె వాడికి చెప్పింది. వాడు తరవాణి వాసన చూసి ముక్కు మూసుకున్నాడు, నేను బలవంతపెట్టలేదు. అక్కడ పిల్లలు తాగే నీలం, నారింజ రంగుల పానీయాల మీద నాకు పెద్ద గౌరవం లేదు. వాటిలోనూ పని చేసేవి ఉప్పూ చక్కెరే. పేగుల్లో ఉప్పులోని సోడియం, గ్లూకోజు జంటగా లోపలికి వెళుతూ నీటిని వెంట తీసుకువెళతాయి. 1971 యుద్ధ సమయంలో బెంగాల్ సరిహద్దులోని శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ వేలమంది కలరా రోగులకు తాగించిన ద్రావణం ఈ సూత్రం మీద ఆధారపడిందే. ఇంట్లో కలుపుకునేదైతే లీటరు నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా ఉండే కొలతతో. అయితే అమ్మతో నేను వాదించిన సంగతి ఒకటి ఉంది. కొబ్బరి నీళ్ళను మించింది లేదని ఆమె నమ్మకం; వాటిలో పొటాషియం పుష్కలంగా ఉంటుంది గాని సోడియం తక్కువ, చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. బొండంలో చిటికెడు ఉప్పు వేస్తే సరిపోతుందని ఇద్దరం ఒప్పందానికి వచ్చాము. వట్టి నీళ్ళే అదేపనిగా లీటర్లకొద్దీ తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అది మరో ప్రమాదమవుతుందని కూడా వాడికి చెప్పి ఉంచాను, ఎందుకంటే ఒక భయాన్ని వదిలించుకోవడానికి పిల్లలు దానికి ఎదురు భయంలోకి పరుగెడతారు.

ఈ ప్రయాణంలో నేను ఊహించని పాఠం మాత్రం ఒక మాట దగ్గర ఎదురైంది. పక్కింటి పెద్దావిడ అరుగు మీద కూర్చున్న మా వాణ్ణి "దాహం పుచ్చుకుంటావా బాబూ?" అని అడిగింది. వాడు నా దగ్గరకు పరుగెత్తుకు వచ్చి, "అమ్మా, దాహం అంటే వేసేది కదా, దాన్ని ఎలా ఇస్తారు?" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది గాని జవాబు వెంటనే రాలేదు. మన మాటలో దాహం వేస్తుంది, దాహం ఇస్తారు, దాహం ఇప్పించమని అడుగుతారు కూడా. గొంతు ఎండడానికీ గ్లాసుడు నీళ్ళకూ ఒకే పేరు. బాటసారి ఏ గుమ్మం ముందైనా నిలబడి "కాస్త దాహం ఇప్పించండి తల్లీ" అని అడగడం మనలో ఎన్నడూ నామోషీ కాలేదు. అన్నం అడగడానికి అభిమానం అడ్డం వస్తుందేమో గాని నీళ్ళకు రాదు. ఎవరినీ ఏదీ అడగకూడదని నేర్పిన నేను ఈ మినహాయింపును వాడికి చెప్పడమే మరిచిపోయాను. అందుకని ఆ వాక్యాన్ని వాడి చేత పదిసార్లు అనిపించాను, దానికి సాటి అయిన ఇంగ్లీషు వాక్యాన్ని కూడా. రెండోదాంట్లో మొహమాటం పోవడానికే ఎక్కువ రోజులు పట్టింది.

మా తిరుగు ప్రయాణం వచ్చే బుధవారం. నిన్న పొద్దున్న వాడు చేలోంచి ఒంటరిగా కొట్టు దగ్గరకు వెళ్ళాడు, నేను వెనకనుంచి గట్టు మీద వస్తున్నాను. తడి చొక్కా విప్పి కాటా పక్కన పెట్టి, గుమాస్తా ముందు నిలబడి, ర ఒత్తుల దగ్గర తడబడే తన అమెరికా తెలుగులో, "కొంచెం దాహం ఇప్పిస్తారా అండీ?" అన్నాడు. ఆయన మారు మాట్లాడకుండా బొండం ఒకటి చెక్కి ఇచ్చాడు. వాడు జేబులోంచి ఉప్పు పొట్లం తీసి చిటికెడు వేసుకుని, నిలబడే తాగేసి, కాటా ఎక్కాడు. గుమాస్తా అంకె చూసి, పుస్తకంలో పొద్దుటి అంకె చూసి, "ఇంకా రెండు వందల గ్రాములు బాకీ ఉన్నారు బాబూ" అంటూ రెండో బొండానికి కత్తి అందుకున్నాడు.