పెరటి రైలుకు పిల్లల బటన్లు

ఆదివారం, నల్గొండ.

మనవలు వేసవి సెలవులకు వచ్చేలోగా పెరట్లోని బొమ్మ రైలుకు బటన్లు బిగించాలనుకున్న పని ఈరోజుకు చాలావరకు అయింది. ఎండ ముదిరితే ఇత్తడి పట్టాలను ముట్టుకోలేము కనుక, అక్కడి పనులు పొద్దున్నే ముగించుకుని, వైరింగంతా వరండాలో కూర్చుని చేశాను.

రెండు పట్టాల మధ్య వెడల్పు 45 మి.మీ. వేగం పెంచే నాబ్ పిల్లల చేతికిస్తే మొదటి మలుపులోనే ఇంజన్ బోల్తా పడుతుంది. అందుకే వేగాన్ని నేనే ఒకచోట నిలిపి ఆ డబ్బాను లోపలే ఉంచాను. వాళ్లకు దక్కేవి జామచెట్టు కింది పెట్టెకు బిగించిన రెండు బటన్లే: ఆకుపచ్చది నొక్కితే రైలు కదులుతుంది, పసుపుది నొక్కితే కూస్తుంది. అడాప్టర్ ఇంట్లోనే ఉంటుంది. పెరట్లోకి పీవీసీ పైపులోంచి వచ్చేది 12 వోల్టులే. అతుకులన్నింటికీ స్లీవ్ తొడిగి, ఎర్రచీమలు దూరకుండా పెట్టె సందులను సిలికాన్‌తో మూశాను.

ఆకుపచ్చ బటన్ వెనుక 555 ఐసీ, అంటే గడువు లెక్కపెట్టే టైమర్ చిప్, ఉంది. 470 కిలోఓమ్‌ల రెసిస్టర్‌కు 100 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ జత చేస్తే, రెండింటి లబ్ధాన్ని 1.1తో గుణించగా, సుమారు 52 సెకన్లు వస్తుంది. అంతసేపూ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పట్టి ఉండి, ఆ తర్వాత పట్టాలకు కరెంటు ఆపేస్తుంది. గడియారం పెట్టి చూస్తే ఇంకాస్త ఎక్కువే పట్టింది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు తమ మీద రాసిన విలువకు అంతగా కట్టుబడవు. మధ్యలో ఎన్నిసార్లు నొక్కినా ఈ గడువు పెరగదు గానీ, బటన్ మీద వేలు అలాగే ఉంచితే మాత్రం గడువు దాటినా రైలు ఆగదు. "నేనే ఒత్తుతా తాతా" అనే మా పెద్ద మనవడు వేలు తీసే రకం కాదు. అందువల్ల బటన్‌కూ నొక్కిన సంగతి అందుకునే ఐసీ రెండో కాలుకూ నడుమ 0.1 మైక్రోఫారడ్‌ల చిన్న కెపాసిటర్ పెట్టి, దానికి రెండు వైపులా పది కిలోఓమ్‌ల రెసిస్టర్లను ప్లస్‌కు కలిపి, నొక్కిన ఆ క్షణం మాత్రమే ఐసీకి తెలిసేలా చేశాను. ఇక వాడు ఎంతసేపు నొక్కి నిలబడినా రైలు ఆగి తీరుతుంది, వేలు తీసి మళ్లీ నొక్కాల్సిందే. ఆ సందులో చెల్లెలు దూరుతుందని నా లెక్క.

బీబీనగర్-నడికుడి లైను మీద పోయే బళ్ల కూతలు ఎలాగూ వినిపిస్తూనే ఉంటాయి కదా, మళ్లీ ఈ పసుపు బటన్ దేనికని మా ఇంటావిడ అడిగింది. దానికి టైమర్ లేదు. మధ్యాహ్నం పడుకునే వేళ ఆపుకోవడానికి వంటింటి గోడకు ఒక స్విచ్ బిగించి, దాన్ని ఆమెకే అప్పగించాను.