నాన్న తిథి, నా ఫోన్‌లో తారీఖు

26 అక్టోబర్ 2025, ఆదివారం. కార్తీక శుద్ధ పంచమి.

పొద్దున టిఫిన్ తింటూ అమ్మతో అన్నాను, నాన్న తద్దినానికి డిసెంబర్ 4న సెలవు పెట్టేశానని. అట్టు తిరగేయబోతున్న అమ్మ ఆగి, "ఆ రోజు ఏముందిరా? సప్తమి వచ్చే నెల పదకొండునే కదా" అంది.

నాన్న పోయింది 2023 డిసెంబర్ 4, సోమవారం. ఏటా గుర్తు చేయమని ఫోన్‌లో ఆ తారీఖే పెట్టుకున్నాను. పోయినేడు సంవత్సరీకం ఏర్పాట్లన్నీ పెదనాన్నే చూసుకున్నారు. నవంబర్ 22న రమ్మంటే వెళ్లాను, ఆ రోజే ఎందుకని అడగలేదు. అమ్మకు మాత్రం నాన్న పోయిన రోజంటే కార్తీక బహుళ సప్తమి.

వంటింటి గోడ మీది క్యాలెండర్ దగ్గరికి తీసుకెళ్లింది. గ్యాస్ బండ వచ్చిన రోజు అంకె చుట్టూ బాల్‌పెన్నుతో సున్నా చుట్టి ఉంది. నవంబర్ కాగితం తిప్పితే పదకొండో గడిలో కూడా సున్నా ఉంది, కానీ అంకెకు కాదు. దాని కింద చీమల్లాంటి అక్షరాల్లో ఉన్న 'సప్తమి' చుట్టూ చుట్టింది. కళ్లజోడు లేనిదే ఆ అక్షరాలు ఆవిడకి కనిపించవు.

మధ్యాహ్నం కూర్చుని లెక్క చూశాను. 2023 డిసెంబర్ 4 నుంచి పోయినేటి నవంబర్ 22కి 354 రోజులు. అక్కడి నుంచి ఈ నవంబర్ 11కి మళ్లీ సరిగ్గా 354. పన్నెండు చాంద్రమాసాలంటే అంతే మరి. సూర్యుడి నుంచి చంద్రుడు పన్నెండు డిగ్రీలు జరిగితే ఒక తిథి. చంద్రుడి నడక ఒక్కలా ఉండదు కాబట్టి ఒక తిథి పందొమ్మిది గంటల్లో అయిపోవచ్చు, ఇంకొకటి ఇరవై ఆరు గంటలదాకా సాగొచ్చు. అలా రోజు మధ్యలో కూడా తిథి మారిపోవచ్చు. అందుకే చాలా పండగలకి సూర్యోదయానికి ఏ తిథి ఉందని చూసేవాళ్లు, తద్దినానికి అపరాహ్ణంలో ఏ తిథి ఉందని చూస్తారు. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. పగలు ముప్పై గడియలనుకుంటే అది ఆరు గడియలు, అంటే రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. ఈసారి పదకొండున రాత్రి పదకొండు దాటేదాకా సప్తమే కాబట్టి ఏ సందేహమూ లేదు.

తేదీ అనే మాట తిథి నుంచే వచ్చిందట. చంద్రుణ్ణి వదిలేసి అంకె పక్కన చేరిపోయింది. తారీఖు అరబ్బీ నుంచి వచ్చింది. అక్కడ ఆ మాటకు చరిత్ర అనే అర్థం కూడా ఉంది. మా ఇంట్లో జీతానికి, కరెంటు బిల్లుకి తారీఖు. నాన్నకి తిథి.

నన్ను బాగా పట్టుకున్న మాట మాత్రం తద్దినం. విసుగొచ్చే పనికి ఆ పేరు పెట్టి నేనూ ఎన్నోసార్లు వాడాను, ఇక వాడలేను. తత్ దినం, అంటే 'ఆ రోజు', అంతే. ఏ రోజో చెప్పక్కర్లేదు, ఆ ఇంట్లోవాళ్లకు తెలుసు.

వచ్చే ఏడు ఎప్పుడొస్తుందని అడిగితే అమ్మ వేళ్ల కణుపులు లెక్కపెట్టి, "అధిక జ్యేష్ఠం ఉంది కదా, ఒక నెల ఎక్కువ, మళ్లీ కిందికి జరుగుతుంది. నవంబర్ ఆఖరు కావచ్చు" అంది. వెంటనే పంచాంగంలో చూడలేదు. వచ్చే ఏడు కొత్త క్యాలెండర్ వచ్చాక సున్నా చుట్టడం నా పని అని చెప్పాను.

సాయంత్రం సెలవు పదకొండుకి మార్చమని మెయిల్ పెట్టాను. ఫోన్‌లో డిసెంబర్ 4 మాత్రం తీసేయలేదు. ఆ సోమవారం ఉదయం ఆసుపత్రి బల్ల మీద కూర్చుని నాన్న చెప్పుల్ని సంచిలో పెట్టుకున్నది నేనే. అది ఏ తిథో అప్పుడు నాకు తెలియదు.