బ్రెయిన్‌చిప్: మూడు నెలల నగదు లెక్క (4సీ)లో నేను ముందుగా చూసే లైన్లు

ఆస్ట్రేలియా మార్కెట్లో షేర్లన్నీ ఒకేసారి తెరుచుకోవు. సిడ్నీ టైము ప్రకారం ఉదయం పదింటికి ఏ, బీ అక్షరాలతో మొదలయ్యే కోడ్‌లు ముందు మొదలవుతాయి, మిగతావి ఆ తర్వాతి నిమిషాల్లో వరసగా వస్తాయి. బ్రెయిన్‌చిప్ అంటే తక్కువ కరెంటుతో ఏఐ నడిపే చిప్‌లు డిజైన్ చేసే కంపెనీ. దాని కోడ్ బీఆర్ఎన్ కాబట్టి మొదటి గుంపులోనే ఉంటుంది. పెర్త్‌లో ఉండే మా బావగారికి అప్పుడు ఎనిమిది, వేసవిలో అయితే ఏడే. కాఫీ తాగుతూ మెసేజ్ పెట్టేస్తారు: "అమ్మాయ్, అర సెంటు పెరిగింది. ఏదో ఉంది."

ఈ అర సెంటు సంగతి ముందు చెప్పాలి. ఏఎస్ఎక్స్‌లో, అంటే ఆస్ట్రేలియా స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో, 10 సెంట్ల నుంచి 2 డాలర్ల దాకా ఉన్న షేరు ధర అర సెంటు చొప్పునే కదులుతుంది. షేరు 20 సెంట్ల దగ్గర ఉంటే ఒక్క మెట్టు ఎక్కడమంటేనే రెండున్నర శాతం. ఏ వార్తా లేకపోయినా, ఆ ధరకి అమ్మేవాళ్లు అయిపోతే చాలు, ఫోన్ మీద ఆకుపచ్చగా 2.5 శాతం కనబడుతుంది. దాన్ని చూసి లోపల ఏదో ఒప్పందం జరుగుతోందని నమ్మేవాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది. వాళ్లు నాకు తెలిసినవాళ్లు, ఓవర్‌టైమ్ చేసి దాచుకున్న డబ్బు పెట్టినవాళ్లు.

నేనూ బీఆర్ఎన్ షేర్‌హోల్డర్నే. మెల్‌బోర్న్‌లో బ్యాటరీతో నడిచే సెన్సర్లకి ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే నడిచే సాఫ్ట్‌వేర్) రాయడం నా పని. రోజంతా మిల్లీవాట్ల లెక్కే. కాబట్టి ఈ చిప్ ఏం చేస్తానంటోందో నాకు సూటిగా తగిలింది. మామూలు ప్రాసెసర్ మీద న్యూరల్ నెట్‌వర్క్ నడిపితే కరెంటు ఎక్కువగా తినేది గుణకారాలు కాదు, ఆ గుణకారాలకి కావలసిన అంకెల్ని మెమరీ నుంచి మోసుకురావడం. పైగా ఆ గుణకారాల్లో చాలా వాటిలో ఒకవైపు సున్నా ఉంటుంది. బ్రెయిన్‌చిప్ వాళ్ల చిప్ అకీడా మెమరీని లెక్క జరిగే చోటు పక్కనే పెట్టింది, విలువ సున్నా అయితే ఆ లెక్క జోలికే పోదు. మెదడులో న్యూరాన్ పద్ధతి కూడా అదే. చెప్పడానికి ఏదన్నా ఉంటేనే స్పైక్ (చిన్న కరెంటు సంకేతం) పంపుతుంది, లేకపోతే ఊరుకుంటుంది. దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లున్న మెదడు ఇరవై వాట్లతో సరిపెట్టుకోగలగడానికి అదొక కారణం.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1980ల్లోనే కాల్‌టెక్‌లో కార్వర్ మీడ్ దీనికి న్యూరోమార్ఫిక్, అంటే మెదడుని పోలినది, అని పేరు పెట్టారు. 2014లో ఐబీఎమ్ చిప్ ట్రూనార్త్ పది లక్షల న్యూరాన్లని దాదాపు 70 మిల్లీవాట్లతో నడిపి చూపించింది. 2017లో ఇంటెల్ చిప్ లోయిహి వచ్చింది. కానీ ట్రూనార్త్ కోసమని ఐబీఎమ్ షేరు ఎవరూ కొనరు కదా. బ్రెయిన్‌చిప్ అలా కాదు. పీటర్ వాన్ డెర్ మేడ్ మొదలుపెట్టిన ఈ కంపెనీ 2015లో అజియానా అనే గనుల అన్వేషణ కంపెనీ ద్వారా ఏఎస్ఎక్స్‌లోకి వచ్చింది. ఉన్నదంతా ఈ ఒక్క టెక్నాలజీయే. మాలాంటి చిన్న మదుపరులు దీన్ని ఇంతగా పట్టుకోవడానికి కారణం అదే.

2022 జనవరిలో ఏం జరిగిందో బీఆర్ఎన్ ఉన్నవాళ్లందరికీ గుర్తే. మెర్సిడెస్ విజన్ ఈక్యూఎక్స్ఎక్స్ కారుని చూపిస్తూ, "హే మెర్సిడెస్" అనే పిలుపుని గుర్తుపట్టడానికి అకీడా వాడామని, మామూలు పద్ధతికన్నా అయిదు నుంచి పది రెట్లు పొదుపుగా పనిచేసిందని చెప్పింది. షేరు 2.30 డాలర్లు దాటింది. అప్పటికి షేర్లు దాదాపు 170 కోట్లు, గుణించి చూస్తే కంపెనీ విలువ 390 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు. అయితే ఈక్యూఎక్స్ఎక్స్ షోరూమ్‌కి వచ్చే కారు కాదు, టెక్నాలజీ ఎంతదూరం వెళ్లగలదో చూపడానికి చేసిన ప్రయోగపు కారు.

ఆ రోజు నుంచే మా బావగారి కూపీ లాగడం మొదలైంది. ఎవరో ఆటోమొబైల్ ఇంజనీరు లింక్డిన్‌లో బ్రెయిన్‌చిప్ పోస్టుని లైక్ చేశాడు, ఒక కంపెనీ ఉద్యోగ ప్రకటనలో స్పైకింగ్ అనే మాట ఉంది, ఒక జర్మనీ పేటెంట్‌లో అకీడా పేరు ఉంది. ఆయన గనుల్లో భారీ ట్రక్కుల మెయింటెనెన్స్ చేసేవారు. ఇప్పుడు పేటెంట్ క్లెయిములు చదివి నన్ను ప్రశ్నలడుగుతారు, వాటిలో కొన్నింటికి నేను పుస్తకం తీయాల్సి వస్తుంది. ఆ శ్రద్ధ అంటే నాకు నిజంగా గౌరవం. కాకపోతే పేటెంట్‌లో పేరు ఉండటానికీ కొనుగోలు ఆర్డరు ఉండటానికీ మధ్య చాలా దూరం ఉంది.

"చెప్పట్లేదంటే ఎన్‌డీఏ ఉంటుందమ్మా" అంటారాయన, అంటే వివరాలు బయటపెట్టకూడదనే ఒప్పందం. ఉండొచ్చు. కానీ ఏఎస్ఎక్స్ 3.1 నిబంధన ప్రకారం, షేరు ధర మీద గట్టి ప్రభావం చూపే సమాచారం కంపెనీకి తెలిస్తే వెంటనే చెప్పాలి. ఇంకా చర్చల్లో ఉన్న, గుట్టు బయటపడని విషయాలకి మినహాయింపు ఉంది. సంతకం అయ్యాక, పెద్ద డబ్బు ఉన్న ఒప్పందాన్ని ఏళ్ల తరబడి దాచిపెట్టడానికి ఆ మినహాయింపు సరిపోదు. ఒకవేళ ఎవరి పేరూ చెప్పకపోయినా డబ్బు వచ్చాక ఒక చోట కనబడి తీరాలి. ఆ చోటే 4సీ.

అపెండిక్స్ 4సీ అంటే మూడు నెలల నగదు లెక్క. క్వార్టర్ ముగిసిన నెలలోపు వస్తుంది. ముందు పేజీల్లో భాగస్వాముల పేర్లు, ఎగ్జిబిషన్ల ఫొటోలు ఉంటాయి. నేను వాటిని తర్వాత చదువుతాను. ముందు 1.1 లైను: కస్టమర్ల నుంచి అందిన డబ్బు. ఆ తర్వాత 8.5: ఇదే తీరున ఖర్చుపెడితే చేతిలో ఉన్న నిధులు ఇంకా ఎన్ని క్వార్టర్లు వస్తాయి. అది రెండు కన్నా తక్కువైతే 8.6లో కంపెనీ వివరణ రాయాలి. 6.1లో డైరెక్టర్లకీ వాళ్ల సంబంధీకులకీ చెల్లించినది ఉంటుంది. ఇవన్నీ అమెరికన్ డాలర్లలో ఉంటాయి, షేరు ధర మాత్రం ఆస్ట్రేలియన్ డాలర్లలో. రెండూ కలిపేసి లెక్కలు వేసేవాళ్లని చూశాను.

2022లో కంపెనీ ఆదాయం 50 లక్షల అమెరికన్ డాలర్లు దాటింది. 2023లో రెండున్నర లక్షలు కూడా లేదు. నష్టం మాత్రం రెండేళ్లూ ఏటా 2 కోట్లకు పైనే. అకీడా డిజైన్ వాడుకునే హక్కుకి వేరే కంపెనీలు కట్టే లైసెన్సు ఫీజు ఒకసారి వచ్చి ఆగిపోతుంది, రాయల్టీ అయితే చిప్పులు అమ్ముడైనంత కాలం వస్తూనే ఉంటుంది. ఆ అంకెల్లో నాకు కనబడింది ఈ తేడానే. కంపెనీ నడవాలంటే ఆ లోటు ఎవరో ఒకరు పూడ్చాలి, పూడ్చుతున్నది కొత్త షేర్లు. 170 కోట్ల షేర్లు 2024 చివరికి 200 కోట్లకు దగ్గరయ్యాయి. ఒక్క షేరు కూడా అమ్మనివాళ్ల వాటా కూడా దాదాపు 15 శాతం పల్చబడింది. ధరల పటం మీద ఇది కనబడదు. కొత్త షేర్ల గురించి కంపెనీ ఇచ్చే అపెండిక్స్ 2ఏ నోటీసులు వచ్చినప్పుడల్లా తెరిచి చూస్తేనే తెలుస్తుంది.

రాయల్టీ ఎందుకు ఆలస్యమవుతుందో మాత్రం నాకు నా ఉద్యోగం వల్ల బాగా తెలుసు. ఒక కొత్త చిప్ వాడదామని నేను మా టీమ్‌లో అంటే, మొదట అడిగేది కరెంటు గురించి కాదు. పదేళ్ల తర్వాత కూడా ఇది దొరుకుతుందా? సాఫ్ట్‌వేర్ టూల్స్ ఎవరు చూసుకుంటారు? మన మోడల్‌ని నాలుగు బిట్లకి కుదిస్తే కచ్చితత్వం ఎంత పోతుంది? అకీడాకి మెటాటీఎఫ్ అనే టూల్ ఉంది, టెన్సర్‌ఫ్లో అనే గూగుల్ సాఫ్ట్‌వేర్‌తో చేసిన మోడల్‌ని దానికి తగ్గట్టు మార్చుతుంది. మంచిదే. అయితే చిప్ డిజైన్లు అమ్మే ఆర్మ్ కంపెనీ 2020లోనే చిన్న పరికరాల్లో ఏఐ నడిపే ఎథోస్-యూ55 డిజైన్ తెచ్చింది, ఇంజనీర్లకి ఆర్మ్ అలవాటైన దారి. "కాస్త ఎక్కువ కరెంటు తిన్నా పరవాలేదు, తెలిసినదే వాడదాం" అనే మాట ఎన్ని మీటింగుల్లో విన్నానో. అకీడాకి అసలు పోటీ ఇంటెల్ లోయిహి కాదు, ఈ మాటే.

జపాన్ చిప్ కంపెనీ రెనెసాస్ సంగతే తీసుకోండి. 2020 డిసెంబర్‌లో లైసెన్సు తీసుకుంది. ఆ డిజైన్‌తో చిప్‌ని ఫ్యాక్టరీకి పంపుతున్నామని 2022 చివర్లో వార్త వచ్చింది. రెండేళ్లు అక్కడికే. ఆ తర్వాత శాంపిల్స్, పరీక్షలు, ఎవరో కస్టమర్ తన ప్రొడక్ట్‌లో పెట్టడం, ఆ ప్రొడక్ట్ అమ్ముడవడం. అదే కార్లయితే ఇంకా ఎక్కువ. అందుకే వచ్చే క్వార్టర్‌లో బాంబు పేలుతుందని ఎవరన్నా అంటే నాకు నమ్మబుద్ధి కాదు. అలాగని టెక్నాలజీ పనికిరాదనే మాట కూడా ఒప్పుకోను. చెవిలో పెట్టుకునే పరికరంలో, ఛార్జింగ్ వీలుకాని సెన్సర్‌లో ఈ పద్ధతికి చోటు ఉందని నా నమ్మకం. నా షేర్లు ఆ నమ్మకం మీదే ఉన్నాయి. ఎవరినీ కొనమనీ అమ్మమనీ నేను చెప్పను.

ఈసారి ఏజీఎమ్‌కి (షేర్‌హోల్డర్ల వార్షిక సమావేశానికి) ముందుగా ప్రశ్న రాసి పంపాను: కస్టమర్ల నుంచి అందిన డబ్బులో లైసెన్సు ఫీజు ఎంత, ఇంజనీరింగ్ సేవలకి వచ్చింది ఎంత, రాయల్టీ ఎంత, ప్రతి 4సీలో విడివిడిగా చూపిస్తారా? బావగారికి చదివి వినిపిస్తే, తన పేరు మీద కూడా అదే పంపుతానన్నారు. "అట్లాగే ఆ జర్మనీ పేటెంట్ సంగతి కూడా అడుగుతా" అన్నారు.

"అడగండి బావగారూ, కానీ ముందు రాయల్టీ సంగతి" అన్నాను.