బందరు మామ్మ జాడ

మా తాతయ్య నాయనమ్మని ఇంట్లో అందరూ బందరు మామ్మ అనేవారు. కోడళ్లు అత్తగారి పేరు పలకరు, పిల్లలకి ఆమె మామ్మ. అలా రెండు తరాల్లోనే అసలు పేరు నోళ్లలోంచి జారిపోయింది. మిగిలింది ఒక్క కథ: 1864 నవంబరు 1 రాత్రి బందరు ఉప్పెనలో పుట్టింటివాళ్లంతా కొట్టుకుపోతే ఆమె ఒక్కతే బతికిందని. సుమారు 30,000 మంది పోయిన ఉప్పెన అది, కాబట్టి నమ్మాం.

పేరు ఎక్కడ దొరికిందంటే, నాన్నగారి నోట్లోనే. మహాలయ పక్షంలో ఆయన తర్పణాలు వదులుతుంటే పక్కన కూర్చుని విన్నాను. మాత, పితామహి, ప్రపితామహి... ప్రతి పేరు చివరా ‘దాం’ చేరి. ఆ ప్రపితామహే మా బందరు మామ్మ. ఏటా ఆ పేరు మా ఇంట్లో పలుకుతూనే ఉన్నారు. మంత్రంలో కలిసిపోయి ఎవరికీ పేరుగా వినపడలేదు, అంతే. లేచాక అడిగితే నాన్నగారే ఆశ్చర్యపోయారు. మా పెద్దత్త అసలు పేరూ అదే. ఆ పేరు పలకలేక వాళ్ల నాయనమ్మ ‘అమ్మడూ’ అని పిలిస్తే, చివరిదాకా అందరికీ అమ్మడే అయింది.

తర్వాత రికార్డుల మీద పడ్డాను. మాన్యాల హక్కులు విచారించిన ఇనాం కమిషన్ 1858లో మొదలైంది కదా, మా వాళ్ల మాన్యానికి ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకలు తీయించాను. ఆమె మామగారి పేరు, వయసు ఉన్నాయి. ఆడవాళ్ల ఊసు లేదు. రిజిస్ట్రారు ఆఫీసులో కంప్యూటర్‌లో ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం, 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే వాల్యూములు తిరగెయ్యాలి. నాకు కావలసిన వాల్యూము చివికిపోయిందన్నారు.

అప్పుడు మా బాబాయి అటక మీది ట్రంకు పెట్టె దింపాడు. అడుగున ఒక విక్రయ దస్తావేజు, కింది సగం చెదలు తినేసింది. ఇంగ్లీషు తేదీ పోయింది, విరోధి నామ సంవత్సరం ఆశ్వయుజం అని మాత్రం మిగిలింది. విరోధి 1829 కావచ్చు, 1889 కావచ్చు, 1949 కావచ్చు. కాగితాన్ని వెలుతురులో పెట్టి చూస్తే స్టాంపు మీద విక్టోరియా రాణి తల. ఇంకేముంది, 1889.

అమ్మింది బందరు మామ్మే. భర్త గతించాడు. కొడుక్కి ఏడేళ్లు, వడుగు ఖర్చులకని రాయించింది. పేరు కరణం రాశాడు. పక్కన ఆమె నిశాని, ఒక చిన్న ఇంటూ గుర్తు. మొదటి గీత సన్నగా ఉంది. రెండోది నొక్కి గీసినట్టుంది, సిరా పక్కకి పాకింది. కాగితం మీద ఆ చోట నేను వేలు పెట్టలేకపోయాను.

ఆ భూమి ఎలా వచ్చిందో పైనే రాసి ఉంది: అన్నగారు పసుపు కుంకుమల కింద ఇచ్చినది. రెండోసారి, మూడోసారి చదివాను. తండ్రి కాదు, అన్న. అంటే ఉప్పెనలో ఆమె ఒక్కతే మిగల్లేదు. చెల్లెలికి పెళ్లి చేసి, పొలం రాసిచ్చిన అన్న ఒకడున్నాడు. నూరేళ్లకి పైగా మా కథలో అతనికి చోటు లేదు.

ఆమె పోయిన తిథి ముత్తాత తద్దినాల పుస్తకంలో ఉంది, మార్గశిర బహుళ సప్తమి. తద్దినానికి సంవత్సరంతో పని లేదు కనుక అది రాసుకోలేదు. వచ్చే మార్గశిరంలో నాన్నగారిని తీసుకుని ఆ అన్నగారి ఊరు వెళ్తున్నాను. దస్తావేజులో ఊరి పేరుని చెదలు ముట్టలేదు.