లావొక్కింతయు లేదు

పోతన గారి గజేంద్రమోక్షం పద్యాలు చిన్నప్పుడు అమ్మ నాచేత కంఠస్థం చేయించింది. ‘లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె’ అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాడిని. లావు అంటే బలం. నాకు బలం లేదు అని చెప్పడం ఎంత కష్టమో తెలిసింది మాత్రం నలభై రెండో ఏట, సికింద్రాబాద్ బోనాలు అయిన తర్వాతి వారం.

అప్పటికి పదకొండు నెలలుగా మద్యం ముట్టలేదు. ఆ ఆదివారం మా ఇంటి ఆడవాళ్లు ఉజ్జయినీ మహంకాళి అమ్మవారికి బోనం సమర్పించి వచ్చారు. సాయంత్రం బంధువుల మధ్య కూర్చున్నప్పుడు నా ముందుకు గ్లాసు వచ్చింది, తీసుకున్నాను. పండుగను తప్పుపట్టను. అమ్మవారికి సాక పోసే చేతులు పవిత్రమైనవి. రోగం నాది. మర్నాడు అందరూ రంగం, అంటే అమ్మవారి భవిష్యవాణి, వినడానికి వెళితే, నేను మేడమీది గది తలుపు వేసుకున్నాను. ఎనిమిది రోజులు ఆపలేకపోయాను.

తాగుడు మానిన మా బృందంలో ఒక పెద్దాయన ఉన్నారు. అందరం అన్నా అనే పిలుస్తాం. ఆయన నంబరు తీయడం, ఫోను పక్కన పెట్టడం. పదకొండు నెలలూ నీళ్లపాలయ్యాయని ఏ ముఖంతో చెప్పను? చెప్పినా నన్ను మళ్లీ దగ్గరికి రానిస్తారా?

ఆ సందేహమే గజేంద్రుడిని గుర్తుకు తెచ్చింది. మొర పెట్టుకునే ముందు ఆయన కూడా ‘కలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో’ అనుకున్నాడు. అంతకు ముందు జరిగిందంతా లాగులాటే. మొసలి మడుగులోకి, ఏనుగు గట్టుకు. వెయ్యేళ్ల ఆ పోరులో గట్టు ఎన్నిసార్లు అందేంత దగ్గరకొచ్చి జారిపోయిందో పోతన లెక్క చెప్పలేదు. నీరు మొసలికి సొంత చోటు, అక్కడ ఏనుగు బలం తరుగుతూనే ఉంటుంది. ‘రావే ఈశ్వర’ అన్న పిలుపు ఆ నీళ్లలోంచే వచ్చింది. నేనేమో ముందు గట్టెక్కి, ఆ తర్వాత ఫోను చేద్దామని కూర్చున్నాను.

రాత్రి ఒంటిగంటకు చేశాను. “అన్నా, మళ్లీ తాగాను.”

ఎందుకని అడగలేదాయన. “ఎక్కడున్నావు తమ్ముడూ? చేతులు వణుకుతున్నాయా?” అన్నారు. బాగా తాగుతున్నవారు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే తెల్లవారగానే ముందు డాక్టరు దగ్గరికి, ఆ తర్వాతే మా బృందం మీటింగుకు తీసుకువెళ్లారు. ఇలాంటి అన్న లేనివారికి 14446 అనే ప్రభుత్వ సహాయవాణి ఉంది. దానికైనా ఫోను చేయండి, దయచేసి.

ఆ రాత్రి ఆయన నాకు డాక్టర్ బాబ్ గురించి చెప్పారు. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుండే సంస్థ ఆల్కహాలిక్స్ అనానిమస్‌ను మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు, అమెరికాలోని ఆక్రన్ ఊరి వైద్యుడు. 1935లో, ఆ ఇద్దరిలో రెండోవారైన బిల్ పరిచయమయ్యాక కొద్ది వారాలు మానేసి, వైద్యుల సమావేశానికి వెళ్లి మళ్లీ తాగారు. తిరిగొచ్చాక ఆఖరి గుక్క తాగింది జూన్ 10న. 1950లో కన్నుమూసేదాకా మళ్లీ ముట్టలేదు. ఆ జూన్ 10నే సంస్థ పుట్టినరోజుగా జరుపుకుంటారు.

ఇంకొక్క సంగతి చెప్పాలి. మల్కాజిగిరి నుంచి అన్న అరగంటలో వచ్చారు. ఒక కాలికి ఆయన చెప్పు, రెండో కాలికి వాళ్లబ్బాయిది.

“వదినకు చెప్పి వచ్చారా అన్నా?”

“లేదు. వెళ్లాక చెబుతాను.”

సిరికిం జెప్పఁడు, శంఖచక్రయుగముం జేదోయి సంధింపఁడు... పద్యం నాలుక చివరిదాకా వచ్చింది. గొంతు పెగల్లేదు.