పులస గోదాట్లోకి ఎక్కేటప్పుడు లోపల ఏం జరుగుద్ది?
గోదారికి వరదొచ్చి ఎర్రనీళ్ళు దిగగానే అందరం పులస రేటు గురించే మాట్లాడతాం గానీ ఆ చేప పడే కష్టం నాకు రుచి కంటే గొప్పగా అనిపిస్తది. సముద్రంలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు, చేప రక్తంలో అందులో మూడో వంతే, అందుకే అక్కడ ఒంట్లో నీళ్ళు బయటికి పోతూనే ఉంటాయి, అది ఉప్పునీళ్ళే తాగి ఎక్కువైన ఉప్పుని మొప్పల్లోంచి తోసేస్తది.

గోదారి సముద్రంలో కలిసే అంతర్వేది దాటి మంచినీళ్ళలోకి రాగానే మొత్తం రివర్స్! నీళ్ళు లోపలికి చొరబడతాయి, కిడ్నీలు పల్చటి మూత్రాన్ని తెగ పంపాలి, మొప్పలేమో నీళ్ళలో ఉన్న కాస్త ఉప్పునీ లాక్కోవాలి. దీనికి ఎనర్జీ ఖర్చే. పైగా గుండె పంపిన రక్తమంతా ముందు మొప్పలకే వెళ్తది కదా, ఆక్సిజన్ కోసం అక్కడ రక్తం ఎక్కువ పారితే నీళ్ళూ ఎక్కువ దూరతాయి. ఆడచేపైతే ఇదంతా కడుపులో గుడ్లు మోసుకుంటూ, ధవళేశ్వరం వైపు ఎదురీదుతూనే చేస్తది.