అనుగతా అంటే వెనకాల నడిచేదనేనా?

అట్లతద్ది వస్తే చాలు, ఒక ఆడియో నాకు మూడు నాలుగు గ్రూపుల్లోంచి వచ్చి పడుతుంది. పేరు చెప్పను, గొంతు మాత్రం బాగుంటుంది. "సీతాప్యనుగతా రామం శశినం రోహిణీ యథా" అని రాగం తీసి, "చూశారా తల్లులూ, రోహిణి చంద్రుడి వెనకాలే నడుస్తుంది, సీతమ్మ రాముడి వెనకాలే నడిచింది, మీరూ అలాగే నడవండి" అని సెలవిస్తారు. కింద అందరూ దండాలు పెట్టేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. శ్లోకం మీద కోపం కాదు, అది నాకు ప్రాణం. బాలకాండ మొదటి సర్గలో నారదుల వారి నోట వచ్చిన ఆ పోలికని చెప్పే ముందు ఈ పెద్దమనిషి ఒక్క రాత్రయినా మెడ ఎత్తి రోహిణిని చూశారా అన్నదే నా బాధ.

వాల్మీకి చూశాడు. చూడని వాడికి ఆ పోలిక అన్నిసార్లు రాదు. రావణుడు సీతమ్మను పట్టుకున్నప్పుడు "బుధః ఖే రోహిణీమివ" అన్నాడు. అశోకవనంలో హనుమంతుడి కంటపడినప్పుడు "గ్రహేణాంగారకేణేవ పీడితామివ రోహిణీమ్" అన్నాడు. బుధుడు దగ్గరికొస్తే ఒకలా, కుజుడొస్తే ఒకలా, చంద్రుడొస్తే ఒకలా. ఆ నక్షత్రం పక్కకి ఎవరొచ్చినా ఆయనకి సీతమ్మే గుర్తొచ్చింది.

నేను చూసింది మాత్రం ఒక్కసారే. 2016లో, అట్లతద్ది రాత్రే.

అది అక్టోబర్ 18, మంగళవారం. మేం టెక్సాస్‌లో హ్యూస్టన్ దగ్గర ఉన్నాం. ఇక్కడి లెక్కకి సూర్యోదయానికి తదియ ఉంది, మధ్యాహ్నానికల్లా చవితి వచ్చేసింది. ముందురోజా, ఆ రోజా అని మా ఊరి ఆడవాళ్ల మధ్య రెండు రోజులు పెద్ద వాదన. వాదించిన వాళ్లలో సగం మంది ఆ రాత్రి చంద్రుణ్ణి చూడనే లేదు. ఫోన్లో చంద్రోదయం టైము చూసుకుని లోపలే కూర్చుని తినేశారు. అదేమిటండీ అంటే "చెట్లు అడ్డమండీ" అన్నారు. నాలుగడుగులు వేస్తే చెట్లు దాటవూ?

నేను పొద్దుటి నుంచీ ఉపవాసం. గౌరమ్మకి పదకొండు అట్లు నైవేద్యం పెట్టి, వాయనం ఇచ్చి, తొమ్మిది ప్రాంతంలో వీధి చివరికి వెళ్లి నించున్నాను. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్లు, గోరింటాకు చేతులతో నా కొంగు పట్టుకుని ఉంది. చంద్రుడొచ్చాడు, మూడు రోజులు అరిగిన చంద్రుడు. కాసేపటికి ఆయనకి కింద, నాలుగు చంద్రబింబాలు పట్టేంత దూరంలో, ఎర్రగా ఒక చుక్క లేచింది. రోహిణి అంటేనే ఎర్రనిది కదా. నిజంగానే వెనకాల వస్తోంది. ఆడియో పెద్దమనిషి చెప్పినట్టే. ఈ రోహిణికే అరబ్బుల వాడుకలోంచి వచ్చిన ఆల్డెబరన్ అన్న పేరుకి కూడా అర్థం వెంట వచ్చేదనేనట. వాళ్లు కృత్తికల వెనకాల వస్తుందని అలా పిలిచారు.

అర్ఘ్యం ఇచ్చి, అట్టు బెల్లంతో తిని ఇంటికొచ్చేస్తే ఈ వ్యాసం ఉండేది కాదు. మా వీధిలో ఒక ముసలాయన ఉండేవాడు, అమెరికన్, టెలిస్కోపుల పిచ్చి. మా దీపం చూసి ఆగి, "ఇవాళ చంద్రుడు ఆ చుక్కని కప్పేస్తాడు, పార్కుకి రండి, మావాళ్లందరూ అక్కడే ఉంటారు" అన్నాడు. మర్నాడు బడి ఉందని మావారు గొణిగారు. అయినా వెళ్లాం. మిగిలిన అట్లు స్టీలు డబ్బాలో పెట్టుకుని మరీ వెళ్లాం.

అక్కడ చీకట్లో ఏడెనిమిది మంది. చేతుల్లో ఎర్ర కాగితం చుట్టిన టార్చిలైట్లు. తెల్ల లైటు పడితే చీకటికి అలవాటుపడ్డ కళ్లు చెదురుతాయట. ఒకాయన వీడియో తీస్తున్నాడు, ఒకావిడ స్టాప్‌వాచీ పట్టుకుని సెకన్లు లెక్కపెడుతోంది. నిమిషం ముందు ఒక్కళ్లూ మాట్లాడలేదు. మన గుళ్లో హారతి వేళ కూడా అంత నిశ్శబ్దం చూడలేదు నేను, ఆ మాట అనడానికి సిగ్గుగానే ఉంది. వాళ్లకి అది దేవుడు కాదు. అయినా ఆ శ్రద్ధ చూడండి.

చంద్రుడికి గాలి పొర లేదు కాబట్టి చుక్క మెల్లగా మసకబారదు, ఉన్నది ఉన్నట్టు పోతుంది అని ముసలాయన చెప్పాడు. రోహిణి మన సూర్యుడి కంటే అడ్డంగా నలభై రెట్లకి పైనే పెద్దది, 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నా ఆ వెడల్పు వల్ల ఆరిపోవడానికి సెకనులో పిసరంత సేపు పడుతుందట. ఆ పిసరుని కొలిచి రోహిణి వెడల్పు తేల్చవచ్చట. నాకైతే అసలు పోవడమే కనపడలేదు. వెలుగున్న అంచు వైపు నుంచి వెళ్లింది, ఆ ధగధగలో ఎప్పుడు కలిసిపోయిందో తెలియలేదు. స్టాప్‌వాచీ ఆవిడ టక్కున నొక్కింది. అంతే.

తర్వాత సుమారు గంట. ఆ గంటలో ఇలా ఎప్పుడూ జరుగుతుందా అని అడిగాను. చంద్రుడి దారి సూర్యుడి దారికి అయిదు డిగ్రీలు వాలుగా ఉంటుంది, ఆ రెండూ ఖండించుకునే చోటు 18.6 ఏళ్లకి ఆకాశం చుట్టివస్తుంది, అది అనువైన చోట ఉన్న కొన్నేళ్లే చంద్రుడు రోహిణి దాకా దిగుతాడు అన్నాడు. 2015 జనవరిలో మొదలై 2018 సెప్టెంబర్ దాకా నెలనెలా, భూమ్మీద ఏదో ఒక మూల నుంచి కనపడుతూ, 49 సార్లు. మళ్లీ 2033లోనే. ఆయన చెబుతుంటే నాకు లోపల గంట మోగింది. ఆ ఖండించుకునే చోటునే కదా మనం రాహువు అంటాం! ఆ ఏడు సింహంలో ఉన్న రాహువు. మా అమ్మ అట్లపిండి రుబ్బేటప్పుడు అనేది, "బియ్యం చంద్రుడివే, మినుములు రాహువువి, ఇద్దర్నీ కలిపి పెనం మీద వేస్తున్నాం" అని. చిన్నప్పుడు నవ్వేవాళ్లం. చంద్రుడూ రాహువూ ఒక లెక్కకి కుదిరితేనే ఆ రాత్రి రోహిణి చంద్రుడి చాటుకి వెళ్లింది, నా ఒళ్లో డబ్బాలో ఆ ఇద్దరూ చల్లారిపోయి ఉన్నారు.

ఇంక వచ్చే వేళయిందన్నారు. ఈసారి వెలుగు లేని అంచు నుంచి వస్తుంది, అక్కడే కళ్లు పెట్టమన్నారు. అంటే చంద్రుడు అరగడం మొదలైన వైపు. దక్షుడి శాపం ఎందుకొచ్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆవిడ ఒక్కదాని దగ్గరే ఉండిపోయినందుకు కదా ఆయనకి క్షయం. తైత్తిరీయ సంహితలోనూ ఉందా మాట. ఆ క్షయం తినేసిన అంచు దగ్గర, ఏమీ లేని నల్లటి చోట, ఒక ఎర్ర నిప్పురవ్వ తటాలున వెలిగింది. మా అమ్మాయి స్టూలెక్కి గొట్టంలో కన్ను పెట్టి ఉంది, అరిచేసింది. నేను గొట్టం వదిలేసి మామూలు కళ్లతో చూశాను.

రోహిణి చంద్రుడికి పైన ఉంది.

అర్థమైందా అండీ? తొమ్మిదింటికి కింద ఉంది, వెనకాల వస్తోంది. ఇప్పుడు పైన ఉంది, అంటే పడమటి వైపు, అంటే ఆయన కంటే ముందు. ఇంక తెల్లారేదాకా ఆవిడే ముందు నడుస్తుంది, ఆయన వెనకాల వస్తాడు.

నాకు ఆ పార్కులో నోట్లోంచి వచ్చిన శ్లోకం అనుగతా కాదు. "అగ్రతస్తే గమిష్యామి మృద్నంతీ కుశకంటకాన్." అయోధ్యకాండలో సీతమ్మ సొంత మాట. నువ్వు ఇవాళే అడవికి బయల్దేరితే దర్భముళ్లు తొక్కి దారి మెత్తన చేస్తూ నీ ముందు నడుస్తాను అంది. నారదులు వెంట వెళ్లిందన్నారు, ఆవిడ ముందు నడుస్తానంది. చిన్నప్పటి నుంచి నన్ను వేధించిన చిక్కు ఇది. ఎవరిది నిజం? ఇద్దరిదీ. గంగ దాటాక రాముడే అన్నాడు కదా: "అగ్రతో గచ్ఛ సౌమిత్రే సీతా త్వామనుగచ్ఛతు." లక్ష్మణా నువ్వు ముందు, సీత నీ వెనక, "పృష్ఠతోఽహం గమిష్యామి", మీ ఇద్దర్నీ కాచుకుంటూ నేను వెనకాల వస్తాను అని. మరి ఆ పూట సీతమ్మ రాముడికి ముందు నడిచిందా లేదా? అరణ్యకాండలో మళ్లీ "అగ్రతః ప్రయయౌ రామః", ఆయన ముందు. దారి ఎలా ఉంటే అలా. ఎవరు ముందన్నది దారి చెబుతుంది, అనుగతా అన్న మాట చెప్పదు. అది విడిచిపెట్టకపోవడం గురించిన మాట. కనపడకుండా పోయిన ఆ గంటలో కూడా ఆవిడ అక్కడే ఉంది, ఆయన చాటున.

చాటంటే అణిగి ఉండటమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆవిడ కదల్లేదు, దాటింది ఆయన.

ఆడియో నచ్చితే వినండి, దండం పెట్టండి, నాకేం. కానీ ఈ నెల పంచాంగంలో రోహిణి ఏ రోజో చూసుకుని ఒక్కసారి మేడ ఎక్కండి తల్లీ. కప్పేయడం 2033 దాకా లేకపోయినా, 27 రోజులకోసారి ఆయన ఆవిడ పక్క నుంచి దాటుతూనే ఉంటాడు. ముందురోజు రాత్రి చూడండి, మర్నాడు రాత్రి చూడండి. పిల్లల్ని తీసుకెళ్లండి. వ్రతం పేరుతో కొత్త చీర ఫోటో వందమందికి పంపే ఓపిక ఉంది, చంద్రుడి వంక రెండు నిమిషాలు చూడటానికి లేదా? కృష్ణాష్టమి నాడు అర్ధరాత్రి దాకా మేలుకుంటారే, ఉట్టి కొడతారే, రోహిణిలో పుట్టాడని పాడతారే, ఆ రోహిణి కిటికీ అవతలే ఉంటుంది!

ఆ రాత్రి కారులోంచే అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ వంట వేళ, వెనకాల పోపు చిటపటలు. అంతా చెప్పాను, ముళ్ల శ్లోకంతో సహా. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"ఏమే, ఆవిడ బయటికొచ్చాక ఏమైనా పెట్టావా?" అంది.

"ఏం పెట్టలేదమ్మా. డబ్బాలో అట్లు ఆ ముసలాయన తినేశాడు."

"చల్లారినవా?"

"చల్లారినవే. బెల్లం అడిగి వేయించుకున్నాడు."

"అయితే సరే," అంది అమ్మ.